నాలుగో దీవి

సెప్టెంబరు 3, 2011, శనివారం

పాఠ్యపుస్తకానికి నోట్సు రాసుకోమని పెద్దల సభ వాళ్ళు ఈ పుస్తకం ఇచ్చారు. నోట్సు చిత్తుకాగితాల మీద రాసుకుంటాను. ఇది నాకు కావాలి. ఎవరి ముందూ అనలేని మాటలు ఎక్కడో ఒకచోట అనుకోవాలి కదా.

ఇరవై ఆరేళ్ళుగా నూకునోనూ బడిలో పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్ళలో సభ నన్ను పిలిచింది రెండేసార్లు. మొదటిసారి, నా తరగతి పిల్లలు ఫాదరు గారి బొప్పాయిలు కోశారని. రెండోసారి ఇవాళ.

సభకు పెద్ద కెలెమెటె మావయ్య. బాసింపట్టు వేసుకుని కూర్చుని, విసనకర్రతో మోకాలి మీద తట్టుకుంటూ మాట్లాడతాడు.

"మన పిల్లలకి న్యూజిలాండు కొండల పేర్లన్నీ వచ్చు. టొకెలావ్ సంగతి ఒక్క ముక్క రాదు. నువ్వో పుస్తకం రాయాలమ్మాయ్. మన నేల, మన చరిత్ర, మన పద్ధతులు. నలభై ఎనిమిది పేజీలు."

"నలభై ఎనిమిదే ఎందుకు మావయ్యా?"

"అచ్చేసేవాళ్ళు అంతే వేస్తారంట. జనవరిలో వెళ్ళే ఓడకి అందించాలి."

"బడి ఉంది, ఇంట్లో అమ్మ ఉంది, నా ఒక్కదాని వల్ల..."

"ఒక్కదానివేంటి? రాసేది నువ్వే అయినా, చెప్పడానికి మేమంతా లేమూ?"

చుట్టూ కూర్చున్న పదకొండుమంది ముసలాళ్ళూ తలలూపారు. నా భయం కూడా అదే.

సెప్టెంబరు 7

భూగోళం ఒక్క పూటలో అయిపోయింది. కొండ లేదు, నది లేదు. పైనుంచి కిందికి చూడాలంటే కొబ్బరిచెట్టు ఎక్కాల్సిందే. మూడు పగడపు దీవులు, ఒక్కోదాని నడుమ ఉప్పునీటి మడుగు, చుట్టూ సముద్రం. విమానం రాదు. సమోవాలోని అపియా నుంచి ఓడ రావాలి, అది ఎప్పుడు వస్తే అప్పుడు.

మా ఆయన పెటెలో చదివి, "ఇంతేనా మనం?" అన్నాడు.

"ఇంతే."

"మరి చేపలేవీ?"

"అవి పద్ధతుల్లో వస్తాయి. ఊరందరికీ పంపకం దగ్గర."

"చేపలు భూగోళం కాదా? నేను రోజూ వెళ్ళేది వాటి దగ్గరికేగా?"

వాదించే ఓపిక లేదు.

సెప్టెంబరు 10

మొదటి అధ్యాయం సభలో చదివాను. మొదటి వాక్యం దాటలేదు. "టొకెలావ్ అంటే మూడు దీవులు" అని నేను అన్నానో లేదో కెలెమెటె మావయ్య విసనకర్ర ఆగింది.

"ఎన్ని?"

"మూడు. అటాఫు, నూకునోనూ, ఫకావోఫో."

"ఒలోహెంగా ఏమయింది? సముద్రంలో మునిగిందా?"

మునగలేదు. ఫకావోఫోకి దక్షిణాన అలాగే ఉంది. అమెరికా వాళ్ళ కింద ఉంది. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, దాన్ని వాళ్ళకే వదిలేస్తూ ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి. ఇదే మాట అన్నాను.

"సంతకం పెట్టిన చెయ్యి నీదా, నాదా? మన పాటల్లో ఎన్ని దీవులు? నాలుగు. నేను పుట్టిందెక్కడ? ఒలోహెంగాలో. మరి నేనెవర్ని? అమెరికా వాణ్ణా?"

ముసలాళ్ళంతా నవ్వారు. మావయ్య నవ్వలేదు. "నాలుగు అని రాయి" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ కూడా ఒలోహెంగాలోనే పుట్టింది కనక సంతోషిస్తుందనుకున్నాను. మొగలి ఆకుల చాప అల్లుతోంది. తలెత్తకుండానే అంది: "మూడే రాయి."

"అదేంటమ్మా, నువ్వు పుట్టిన ఊరే..."

"పుడితే? మూడే రాయి. బళ్ళో పటంలో మూడేగా ఉన్నాయి?"

సెప్టెంబరు 14

అపియా ఆఫీసులో ఈ పుస్తకం పని చూసేవాడు ఇలియా. నాలుగో తరగతిలో నా దగ్గరే చదువుకున్నాడు. దీర్ఘాలు పెట్టడం రాక ఏడ్చేవాడు. ఇప్పుడు నా తప్పులు ఎర్ర అక్షరాల్లో దిద్ది పంపుతున్నాడు.

"టీచరుగారూ, నాలుగు అంటే ఇబ్బంది అవుతుంది. మూడు అని రాసి, కింద చిన్న అక్షరాల్లో వివరణ ఇద్దామా?"

చిన్న అక్షరాల్లో మనుషులు పుడతారా నాయనా అని రాసి, కొట్టేసి, "ఆలోచిస్తాను" అని పంపాను.

సెప్టెంబరు 21

చరిత్ర. పూర్వం ఫకావోఫో వాళ్ళు వచ్చి మన దీవిని గెలుచుకున్నారు. ఇది అందరికీ తెలుసు. సభలో మాత్రం ఎవరికీ తెలియదు.

"ఓడిపోయాం అని రాయకమ్మాయ్."

"మరేం రాయను?"

ఒక పెద్దాయన కాసేపు ఆలోచించి, "కొన్నాళ్ళు వాళ్ళ మాట విన్నాం అని రాయి" అన్నాడు.

బానిస ఓడలొచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయిన సంగతి చదివినప్పుడు మాత్రం ఎవరూ ఏ మాటా మార్చమనలేదు.

సెప్టెంబరు 24

మహిళా సంఘం వాళ్ళకు చాపల అల్లిక గురించి చదివి వినిపించాను. పద్నాలుగు మంది. పద్నాలుగు రకాల అల్లికలు, ప్రతిదీ అసలైనదే. తలనొప్పి.

సెప్టెంబరు 30

వాన లేదు. ఇంటి తొట్టిలో చెయ్యి పెడితే అడుగు తగులుతోంది.

అమ్మ మళ్ళీ అడిగింది, మూడనే రాశావా అని.

అక్టోబరు 4

నీళ్ళకు కొలత పెట్టారు. ఇంటికి రెండు బకెట్లు, ఎంతమంది ఉన్నా సరే. బడి ఒంటిపూటే. పిల్లల పెదాలు పగిలి ఉన్నాయి. నేను చరిత్ర రాస్తున్నాను. నాకే సిగ్గుగా ఉంది.

అక్టోబరు 6

మధ్యాహ్నం మంగలంలా కాలిపోతోంది. నేనూ అమ్మా గడపలో కూర్చున్నాం. బకెట్లో ముంచిన గుడ్డతో అమ్మ మెడ తుడుస్తున్నాను. కళ్ళు మూసుకుని అంది:

"అక్కడైతే మెడదాకా దిగేవాళ్ళం."

"ఎక్కడ?"

"నడుమ చెరువులో. మన మడుగులా ఉప్పగా ఉండదు, సముద్రంతో కలవదు. సాయంత్రం పని నుంచి వచ్చి ఆడా మగా అంతా అందులోనే. పైన అరటిచెట్లు. జుట్టు ఆరితే అట్టకట్టేది కాదు, మెత్తగా ఉండేది."

యాభై ఏళ్ళ నా బతుకులో అమ్మ ఒలోహెంగా గురించి ఇన్ని మాటలు అనడం ఇదే మొదటిసారి. మెల్లగా అడిగాను, "ఇంకా ఏముండేవమ్మా?"

కళ్ళు తెరిచింది. నా చేతిలో గుడ్డ లాక్కుంది. "ఎండకి ఏదో వాగాను. అది కూడా పుస్తకంలో ఎక్కిస్తావా ఏంటి?"

అక్టోబరు 7

అడిగాను. చెప్పలేదు.

అక్టోబరు 8

బయటి నుంచి నీళ్ళ ఓడ వచ్చింది. ఊరంతా రేవులోనే. నేనూ మోశాను. మళ్ళీ అడిగాను. చెప్పలేదు. పైగా పెటెలోకి ఫిర్యాదు: "నీ పెళ్ళాం నన్ను బళ్ళో పిల్లని నిలబెట్టినట్టు నిలబెడుతోందయ్యా."

నాకేం పట్టిందని? పుస్తకం కోసం అడుగుతున్నాను, అంతే.

అక్టోబరు 22

వాన! తొట్లు సగం నిండాయి. ఇవాళ ఎవరినీ తిట్టను.

అక్టోబరు 29

అమ్మ చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరా అని కెలెమెటె మావయ్య ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

"ఒలోహెంగా మీద రెండు పేజీలు కావాలి మావయ్యా. మీకు గుర్తున్నది చెప్పండి."

"నాకెన్నేళ్ళు అప్పుడు? ఎనిమిది. మీ అమ్మకి పదమూడు. ఆవిణ్ణి అడుగు."

"నోరు విప్పదు."

"విప్పదు మరి" అన్నాడు. అన్న తీరు నాకు నచ్చలేదు. దాని అర్థం ఏమిటని అడిగాను. వద్దులే అన్నాడు. రెండుసార్లు వద్దులే అన్నవాడు మూడోసారి చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ళంతా అక్కడ కొబ్బరి తోటలో కూలికి ఉండేవాళ్ళు. కూలి దగ్గరా పని గంటల దగ్గరా మేస్త్రీతో తగవొచ్చింది. మగవాళ్ళు సాయంత్రాలు చేరి, ఇక కొబ్బరి కొట్టకూడదని అనుకున్నారు. ఎవరెవరు చేరారో ఆ పేర్లు మేస్త్రీ చెవిన పడ్డాయి. వారం తిరక్కుండా ఆ కుటుంబాల్ని ఓడెక్కించేశారు. మొదటి పేరు మావయ్య వాళ్ళ నాన్నది. ఇక్కడికొచ్చిన మరుసటి ఏడే ఆయన పోయాడు.

"జబ్బేం లేదు. రేవులో కూచుని దక్షిణం వైపు చూసేవాడు. అన్నం మానేశాడు."

"పేర్లు ఎవరు చెప్పారు?"

విసనకర్ర తిప్పి తిప్పి చూసుకున్నాడు. "మీ తాత మేస్త్రీ దగ్గర తూకాలు రాసేవాడు. మమ్మల్నందర్నీ పంపాక మీవాళ్ళు ఆర్నెల్లు అక్కడే ఉన్నారు. నేను చూశానా అంటే చూళ్ళేదు. ఎవరూ చూళ్ళేదు. ఎవరూ పైకి అన్లేదు కూడా."

నేను లేచి వచ్చేశాను.

అక్టోబరు 30, ఆదివారం

తాత సభలో ఎప్పుడూ చివర, స్తంభం పక్కన కూర్చునేవాడు. నాకు తెలిసి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మా తాత ఎంత నెమ్మదస్తుడో అని గొప్పగా చెప్పుకునేదాన్ని. నా స్నేహితురాళ్ళకు చెప్పుకున్నాను. పెళ్ళప్పుడు పెటెలోకి చెప్పుకున్నాను. వాళ్ళందరికీ తెలుసన్నమాట. నేను చెబుతుంటే విని ఊరుకున్నారన్నమాట.

పెటెలోని అడిగాను, నీకు తెలుసా అని.

"ఏదో అనుకుంటారు, చిన్నప్పుడు విన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి? ఇదిగో, ఇలా అరిచేదానివి."

నేను అరవలేదు. కొంచెం గట్టిగా మాట్లాడాను.

నవంబరు 2

పుస్తకంలో మూడు దీవులే ఉంటాయి. ఒలోహెంగా ప్రస్తావనే ఉండదు. పేజీలు చాలడం లేదు. అదొక్కటే కారణం.

నవంబరు 12

సభ కోప్పడింది. పేజీలు చాలలేదని చెప్పాను. కెలెమెటె మావయ్య ఒక్కడే నా వైపు చూడకుండా, "దాని ఇష్టం, వదిలెయ్యండి" అన్నాడు. ఆ జాలి చూసి ఒళ్ళు మండింది.

నవంబరు 19

స్వయంపాలన మీద ఒక పేజీ. న్యూజిలాండు కింద ఉండాలా, మన పాలన మనదేనా అని రెండుసార్లు ఓట్లేశాం, రెండుసార్లూ మూడింట రెండు వంతులకి కాస్తలో తగ్గాం. ఎందుకో రాయమంటాడు ఇలియా. ఇంట్లో నేనొకటి వేశాను, పెటెలో ఒకటి వేశాడు. కారణం వేరే కావాలా?

నవంబరు 20

అమ్మ సరిగ్గా తినడం లేదు. నేను అడగడం మానేశాక ఇంకా తగ్గింది.

డిసెంబరు 6

కొత్త తలనొప్పి. సమోవా వాళ్ళతో పాటు మనమూ తేదీ రేఖకి అటువైపు దూకుతున్నామట. డిసెంబరు 29 గురువారం. ఆ మర్నాడు 31 శనివారం. శుక్రవారం ఉండదు. దీన్ని కూడా భూగోళంలో పెట్టమంటున్నాడు ఇలియా. ఉన్న దీవి తియ్యాలి, లేని రోజు పెట్టాలి.

పిల్లలకు చెప్పాను. మెలే అనే పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, శుక్రవారం నా పుట్టినరోజు."

"గురువారం చేసుకో."

"అప్పటికి నేనింకా పుట్టను కదా టీచర్?"

డిసెంబరు 17

ప్రతి పూటా తిరగరాత. నలభై ఆరు పేజీలు అయ్యాయి. రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. చిత్రాలతో నింపుతాను.

డిసెంబరు 29, గురువారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. మళ్ళీ చదువుకుంటానో లేదో.

పొద్దున్న నేను బడి సర్దడానికి వెళ్ళాను. వచ్చేసరికి అమ్మ నా కాగితాలన్నీ చాప మీద పరుచుకుని కూర్చుంది. అమ్మకు కళ్ళు సరిగా కనిపించవు. కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతోంది.

"తీసేశావా?" అంది.

"ఏంటి?"

"ఒలోహెంగాని. పేరు కూడా లేదేంటే?"

నాకు చిర్రెత్తింది. "నువ్వే కదమ్మా మూడే రాయి, మూడే రాయి అని మూడు నెలలు నా ప్రాణం తీశావు!"

"నేనంటే అన్నాను. నువ్వెందుకు తీసేశావు?"

అప్పుడు అనేశాను. అనకూడదనుకున్నవన్నీ అనేశాను. తాత గురించి ఊరంతా ఏమనుకుంటోందో, కెలెమెటె మావయ్య ఏం చెప్పాడో, స్తంభం పక్కన ఎందుకు కూర్చునేవాడో. "ఆ దీవి పేరు రాస్తే, అక్కడ మనవాళ్ళు ఏం చేశారో కూడా రాయాలి. రాయనా? పిల్లలకి నేను పాఠం చెప్పనా?"

అమ్మ కాగితాలు ఒక్కొక్కటే దొంతి పెట్టింది. అంచులు సరిచేసింది.

"మా నాన్న చెప్పలేదు" అంది. "నేను చెప్పాను."

మేస్త్రీ ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకోవడానికి అమ్మను పెట్టుకున్నారట. మేస్త్రీ పెళ్ళాం మంచిదేనట. ఆవిడకు ఊసుపోదు, అమ్మను కూర్చోబెట్టుకుని కబుర్లు అడిగేది. ఒకరోజు, "సాయంత్రాలు మీ ఇళ్ళ దగ్గర చాలా సందడిగా ఉంటోందే, ఎవరెవరొస్తారేంటి?" అంది.

"బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను సూలియా. ఒక్క పేరు తప్పిపోకుండా. ఎంత జ్ఞాపకశక్తే నీకు, అని మెచ్చుకుంది. బిస్కెట్లిచ్చింది. తింటూ ఇంటికొచ్చాను."

"తాతకి తెలుసా?"

"వాళ్ళ ఓడ వెళ్ళిపోయాక తెలిసింది నాకే, నేనేం చేశానో. నాన్నకి చెప్పాను. కొడతాడనుకున్నాను. 'ఇంకెవరికైనా చెప్పావా' అన్నాడు. లేదన్నాను. 'చెప్పకు' అన్నాడు. అంతే. ఇక్కడికొచ్చాక వాళ్ళంతా తనే అనుకుంటుంటే అనుకోనిచ్చాడు. పోయేదాకా."

ఏమనాలి? పదమూడేళ్ళ పిల్ల. రెండు తియ్యటి మాటలు.

"రేపు వెళ్ళి కెలెమెటెకి చెప్పేస్తాను" అంది అమ్మ.

"రేపు లేదమ్మా."

"లేకపోవడమేంటి?"

"రేపు శుక్రవారం. తీసేశారు. ఎల్లుండే."

"నేను గుండె దిటవు చేసుకున్న రోజునే తీసేశారా, ఖర్మ" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు మధ్యలో అమ్మ ఏడ్చింది.

వద్దన్నాను. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం, తాతే లేడు, వాళ్ళ నాన్న లేడు, ఉన్న మర్యాద ఎందుకు పోగొట్టుకోవడం అన్నాను. అమ్మ పరువు కోసమే అన్నాను.

ఈ పుస్తకంలో కూడా అబద్ధం ఎందుకు? నా కోసం అన్నాను. రేపటి నుంచి ఊళ్ళో నన్ను చూసే చూపుల కోసం.

డిసెంబరు 31, శనివారం

కోడి కూయగానే పెటెలో లేచి, "నిన్న లేదు కాబట్టి నిన్న చెయ్యాల్సిన పని కూడా లేదు" అని మళ్ళీ పడుకున్నాడు. ఊళ్ళో అందరిదీ ఇదే హాస్యం.

అమ్మ తలకి నూనె రాసుకుని, చర్చికి కట్టుకునే తెల్ల గౌను వేసుకుంది. ఆపినా ఆగదని వెంట వెళ్ళాను.

కెలెమెటె మావయ్య వాకిట్లో చాప మీద కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. "రా తెలేసియక్కా, కూర్చో" అన్నాడు. అమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మేస్త్రీ ఇల్లు, చంటిపిల్ల, పేర్లు. "మీ నాన్న పేరే ముందు చెప్పాను. మా నాన్నకేం తెలీదు" అంది.

తాడు పేనుతున్న చేతులు ఆగిపోయాయి. తరవాత అడిగాడు:

"ఎన్ని బిస్కెట్లు?"

"రెండు."

"రెండూ నువ్వే తిన్నావా?"

అమ్మ తల దించుకుంది. "తిన్నాను."

మావయ్య తాడు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళ కోడలు టీ గ్లాసులతో బయటికొచ్చి, ఎవరికివ్వాలో తెలియక నిలబడింది.

జనవరి 1, 2012, ఆదివారం

చర్చి పూజలో మావయ్య మా వైపు చూడలేదు. అమ్మ ఇంటికొచ్చి రెండు పూటలా కడుపునిండా తింది. నాకే ముద్ద దిగలేదు. ఇదెక్కడి న్యాయం?

జనవరి 3

అమ్మ పొద్దున్నే లేచి నా పక్కన కూర్చుంది. "రెండు పేజీలు ఖాళీ ఉన్నాయన్నావుగా. రాసుకో." రేవు ఎటు, బావి ఎటు, ఏ తోటకి ఏ పేరు, చేపలు ఏ నెలలో ఏ ఒడ్డుకు వస్తాయో. చెయ్యి నొప్పి పుట్టేదాకా రాశాను. అక్టోబరులో బతిమాలినప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు, ఇప్పుడు ఆపమన్నా ఆపదు. తగవు గురించి, ఓడ గురించి కూడా రాశాం. పేర్లు చెప్పింది ఎవరో కూడా రాయమంటుంది. "ఒక చిన్నపిల్ల" అని రాశాను. "పేరు రాయి" అంది. రాశాను.

జనవరి 4

సభ జరగలేదు. కెలెమెటె మావయ్యకు ఒంట్లో బాగాలేదట. ఆయన ఊ అనకపోతే పుస్తకం ఓడెక్కదు. ఓడ ఎనిమిదిన.

ఆ రెండు పేజీల్లో ఒకటి రాతకి, ఒకటి ఒలోహెంగా పటానికి అని నిన్ననే ఇలియాకి చెప్పాను. ఇవాళ మెయిలు: "టీచరుగారూ, పటం ఇంకా రాలేదు."

జనవరి 5

ఇలియా మెయిలు: "టీచరుగారూ, పటం."

జనవరి 6

మావయ్య నిన్న మడుగులో చేపలు పట్టడం పెటెలో కళ్ళారా చూశాడట. ఒంట్లో బాగాలేకపోవడం ఇదన్నమాట. కోపం ఉంటే నా మీదా అమ్మ మీదా ఉండాలి గానీ, పుస్తకం ఏం చేసింది?

మూడా, నాలుగా అన్నది మాత్రం తేల్చేశాను. మొదటి వాక్యం కొట్టేశాను. ఒక్కో దీవికీ ఒక్కో పేజీ ఉంటుంది, పేజీ మీద పేరు ఉంటుంది. ఒలోహెంగా పేజీలో ఇప్పుడు ఎవరి కింద ఉందో, అక్కడికి వెళ్ళాలంటే ఎవరిని అడగాలో కూడా ఉంటుంది. లెక్క పిల్లలు వేసుకుంటారు. ఇలియాకి పంపాను. అరగంటలో జవాబు: "ఇలాగైతే ఎవరూ కాదనలేరు టీచరుగారూ. పటం?"

జనవరి 7, శనివారం

బడికి సెలవులే అయినా అమ్మను తీసుకుని వెళ్ళాను. పెద్దగా గీస్తే గుర్తుకొస్తుందని నల్లబల్ల మీద గియ్యమన్నాను. అమ్మ ఎప్పుడూ సుద్దముక్క పట్టుకున్న మనిషి కాదు. గుండ్రంగా ఒక గీత, నడుమ చెరువు. కిటికీల్లో పిల్లలు చేరారు. మెలే సరేసరి.

"అవ్వా, అది పీతా?"

"దీవే పిల్లా."

"కాళ్ళేంటి మరి?"

"దారులు."

తరవాత కిటికీలో పిల్లలు పక్కకి తప్పుకున్నారు. కెలెమెటె మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో విసనకర్ర లేదు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో.

నేను లేచాను. నా వైపు చూడలేదు. నల్లబల్ల వైపే చూస్తున్నాడు.

"రేవు అటు కాదు" అన్నాడు.

అమ్మ వెనక్కి తిరగలేదు. "ఇటే."

"పడమటి ఒడ్డున కదా రేవు? మమ్మల్ని ఎక్కించింది అక్కణ్ణుంచే. నాకు తెలీదా?"

"పడమరే గీశాను. నువ్వు బల్లని తిరగేసి చూస్తున్నావు. ఎనిమిదేళ్ళ వాడివి, నీకేం గుర్తుంటుంది?"

"అన్నీ గుర్తున్నాయి నాకు."

"అయితే చెప్పు, బావి పక్కన ఏ చెట్టు?"

"పనస."

"సీమపనస. రెండు ఉండేవి. ఒకటి మీ నాన్న నాటాడు."

మావయ్య చెప్పులు గుమ్మంలో వదిలి లోపలికొచ్చాడు. పిల్లల బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కళ్ళు చిట్లించి బల్లని చూశారు. నేను ఓడ టైము చెబుదామని నోరు తెరిచి, మూసేశాను.

"సుద్దముక్క ఇటివ్వు" అన్నాడు.

అమ్మ తన చేతిలోని ముక్కని రెండుగా విరిచి సగం ఇచ్చింది. మావయ్య చెరువుకి ఎగువన వంగి, జాగ్రత్తగా ఒక ఇల్లు గీశాడు. కప్పు, రెండు స్తంభాలు, గుమ్మం.

"ఇది మా ఇల్లు."

"కాదు" అంది అమ్మ. "అది మా ఇల్లు. మీది ఆ పక్కది. మీ పొయ్యి పొగంతా మా ఇంట్లోకే వచ్చేది."

మావయ్య అరచేత్తో ఆ ఇంటిని చెరిపేశాడు. చెయ్యి జానెడు పక్కకి జరిపి, మళ్ళీ గీశాడు. తరవాత చెరిపిన చోటు అమ్మకి వదిలి పక్కకి తప్పుకున్నాడు.

చీకటి పడేదాకా ఇద్దరూ పోట్లాడుతూనే ఉన్నారు. ఓడ రేపు పొద్దున్నే. పటం సగం కూడా కాలేదు.